నరహరి అప్పజెప్పిన పుస్తకం

పాత లాకుల దగ్గర జంతువులకి ఒక గ్రంథాలయం ఉండేది. దాన్ని ఎవరూ ప్రారంభించలేదు. రిబ్బను కత్తిరించలేదు, శిలాఫలకం వేయలేదు. వేసి ఉంటే ఈపాటికి మూతపడి ఉండేది. కాలవ మీద పడవలు తిరగడం మానేశాక లాకు గుమాస్తా తన క్వార్టర్స్ ఖాళీ చేసి, పోతూ పోతూ రెండు బీరువాల పుస్తకాలు వదిలేశాడు. ఒక వేసవి మధ్యాహ్నం పోతయ్య అనే దున్నపోతు నీడ కోసం ఆ వరండాలోకి వచ్చి పడుకున్నాడు. ఎవరైనా వచ్చి లేవమంటారేమోనని చూశాడు. ఎవరూ రాలేదు. అలా ఆయన గ్రంథపాలకుడయ్యాడు. లోకంలో చాలా పదవులు ఇలాగే వస్తాయి, కాకపోతే వచ్చినవాళ్లు ఆ సంగతి బయటికి చెప్పరు.

కొన్నాళ్లకి చుట్టుపక్కల పొలాల్లోని పశువుల మకాంలనుంచి జంతువులన్నీ అక్కడికి చేరడం మొదలెట్టాయి. పొద్దున్న ఎండెక్కేదాకా పేపరు. పేపరంటే కాకులు ఎక్కడెక్కడినుంచో ముక్కున కరుచుకొచ్చిన ముక్కలు. వార్తలు నిరుటివైనా బజ్జీల నూనె మాత్రం తాజాగా ఉండేది. గొర్రెలకి కాలి పుళ్లు వస్తే పశువైద్యం పుస్తకం తీసేవారు. బాతులకీ కొంగలకీ బోదె కాలవలో చేపల దగ్గర తగువొస్తే కాలవ చట్టాల పుస్తకం తీసేవారు. ఇంటి దగ్గర ఎవరూ పలకరించని ముసలి కుక్క ఒకటి రోజూ వచ్చి ఓ మూల కూర్చునేది. అది ఏమీ చదివేది కాదు, ఏమీ వినేది కాదు. ఎందుకొచ్చావని దాన్ని ఎవరూ అడిగేవారు కాదు.

చదివి వినిపించేది మేక బుచ్చెమ్మ. కాగితమంటే ఆవిడకి రెండు రకాల ప్రేమ. అందుకని చదివేటప్పుడు మూతికి చిక్కం కట్టుకునేది. నూర్పిళ్లప్పుడు ఎద్దులు గడ్డి మేయకుండా కడతారే, ఆ చిక్కమే. ఎవరూ కట్టుకోమనలేదు. ఒకసారి మంచి కథ ఒకటి చదువుతూ ఆగిపోతే, చివరి పేజీ ఏమైందని అందరూ అడిగారు. మర్నాటినుంచి తనే కట్టుకుని వచ్చింది.

రుసుము లేదు. ఎవరు ఏ పుస్తకం అడిగినా ఇస్తారు. అయితే తెచ్చి ఇచ్చేటప్పుడు వరండా మెట్టు మీద నిలబడి, అందులో ఏముందో కూర్చున్నవాళ్లందరికీ చెప్పాలి. దాన్ని అప్పజెప్పడం అనేవారు. చదువు రానివాళ్లే ఎక్కువ మరి, ఒకరు చదివింది పదిమందికీ పంచకపోతే ఎలా. ఇంకొక్క నియమం ఉండేది. మెట్టెక్కాక ఎవరూ ఎవర్నీ తినకూడదు.

ఆ గ్రంథాలయానికి పర్లమ్మ అనే కోడిపెట్ట చాలా రుణపడి ఉంది. నిరుడు ఆమె పిల్లల్ని గంప కింద కప్పెట్టి పడుకోబెట్టేది. ఒక తెల్లవారుజామున నరహరి అనే నక్క ఆ గంపని మూతితో తిరగేశాడు. ఆ పొదుగులో ఒక్క పిల్లా మిగల్లేదు. చాన్నాళ్లపాటు పర్లమ్మ మేత సరిగా ముట్టలేదు. ఖాళీ గంప చుట్టూ తిరుగుతూ పిల్లల్ని పిలిచేది. పిలవకు, ఇక లేవు అని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అప్పుడే బుచ్చెమ్మ 'కోళ్ల గూళ్లు: కట్టుబడి, కాపుదల' అనే లావుపాటి పుస్తకం తీసి వరండాలో చదివింది. అది విని పర్లమ్మ మొగుడు, వీర్రాజనే పుంజు, బాతుల్ని పెట్టి మట్టిగూడు కట్టించాడు. మందపాటి గోడలు, తాటాకు కప్పు, చెక్క తలుపు, దానికి గడియ. వీర్రాజు పుస్తకం మొత్తం వినలేదు. గోడలూ కప్పూ తలుపూ అయ్యేసరికి, "ఇంక తెలిసిందిలే, మిగతాది మన అనుభవం చూసుకుంటుంది" అని లేచిపోయాడు. తను కూయకపోతే తెల్లారదనుకునేవాడికి పుస్తకం చివరిదాకా వినాల్సిన పనేముంటుంది.

ఎలా కట్టినా గూడు బాగానే నిలబడింది. కొత్తలో నరహరి ఒకసారి వచ్చి దాని చుట్టూ తిరిగాడు. గోడ మొదట్లో కాస్త గీరి చూశాడు. పునాది ఎంత లోతుందో, కింద రాయి ఉందో లేదో తెలియక వెళ్లిపోయాడు. తెలియని చోట తవ్వి గోళ్లు పోగొట్టుకునే రకం కాదు. ఈ ఏడు పర్లమ్మకి మళ్లీ పిల్లలయ్యాయి. ఆ గూట్లో ఆమె రెండు కళ్లూ మూసి నిద్రపోయేది.

ఒకరోజు పొద్దున్న పర్లమ్మ పిల్లల్ని వెంటేసుకుని పేపరు వినడానికి వచ్చేసరికి మెట్టు మీద నరహరి నిలబడి ఉన్నాడు. కాళ్లు గోనెపట్టాకి శుభ్రంగా తుడుచుకున్నాడు. తోక దించి, తల వంచి, ముందరి కాళ్లు దగ్గరగా పెట్టుకున్నాడు. నక్కవినయం అనే మాట ఊరికే పుట్టలేదు. పేరులో సింహం ఉంది గానీ ఆసామిలో లేదు.

"దండాలండీ పోతయ్య గారూ," అంటున్నాడు. "మీ దగ్గర చేరదామని వచ్చానండీ. చిన్నప్పట్నుంచీ నాకు చదువంటే ప్రాణం. తీరికే దొరకలేదు."

పోతయ్య నెమరు ఆపకుండా, "ఏ పుస్తకం కావాలి?" అన్నాడు.

"ఏదైనా పర్లేదండీ. నాకు తేడా ఏముంది. అదిగో, ఆ మూల లావుగా ఉందే, 'కోళ్ల గూళ్లు' అని, అదైనా సరే."

పర్లమ్మ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది.

"ఇవ్వకండి పోతయ్య గారూ. ఆ పుస్తకం ప్రకారమే మా గూడు కట్టుకున్నాం. గోడ ఎంత మందమో, తలుపు ఎటు తెరుచుకుంటుందో అన్నీ అందులో ఉన్నాయి. అది ఈయనగారికివ్వడం, దొంగ చేతికి తాళాలివ్వడం ఒకటే."

నరహరి నొచ్చుకున్నాడు. "దొంగ అని అంత మాట అనకమ్మా. నిరుడు జరిగింది నిరుడు. దానికి నేనూ బాధపడ్డాను."

"ఎప్పుడు?"

"తిన్నాక."

పోతయ్య మెల్లగా లేచి బీరువా దగ్గరికి వెళ్లాడు. ఆయనకి చదువు రాదు గానీ అట్టలన్నీ వచ్చు. పుస్తకం తీసుకొచ్చి నరహరి ముందు పెట్టి, "పున్నమికి తెచ్చి అప్పజెప్పాలి," అన్నాడు. పర్లమ్మ ఇంకా ఏదేదో అంది. తిట్టింది, ఏడ్చింది, నిరుటి పిల్లల పేర్లు ఒక్కొక్కటీ చెప్పింది. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది. నరహరి పుస్తకం నోట కరుచుకుని, అందరికీ పేరు పేరునా సెలవు చెప్పి మెట్టు దిగాడు.

మర్నాడు పర్లమ్మ ఒంటరిగా రాలేదు. వీర్రాజుని ముందు పెట్టుకుని, బాతుల్నీ గొర్రెల్నీ వెంటబెట్టుకుని వచ్చింది. వీర్రాజు ఛాతీ విరుచుకుని మెట్టెక్కాడు.

"పోతయ్య గారూ, ఇది పద్ధతి కాదండి. పదిమందికీ పనికొచ్చే పుస్తకాలు ఎవడికి పడితే వాడికిచ్చేస్తే ఎలాగండీ. మనవాళ్లెవరో, పైవాళ్లెవరో చూసుకోవాలా వద్దా?"

"చూసి?"

"చూసి, ఇవ్వదగ్గవాళ్లకే ఇవ్వాలి."

పోతయ్య కాసేపు నెమరేశాడు. అంతసేపూ అందరూ నిలబడి ఉన్నారు. ఆయనతో మాట్లాడాలంటే మధ్యలో అలా నిలబడాల్సిందే.

"పర్లమ్మా, తొలకరప్పుడు నువ్వొక పుస్తకం తీసుకెళ్లావు. ఏవిటది?"

బుచ్చెమ్మే చిక్కం లోంచి, "వానపాములు: ఉనికి, అలవాట్లు," అంది.

"నువ్వలా వెళ్లగానే ఇలా వానపాములొచ్చాయి," అన్నాడు పోతయ్య. "మెట్టెక్కడానికి వాటికి పూటంతా పట్టింది. ఇదిగో, మీరొచ్చినట్టే పెద్దల్ని ముందు పెట్టుకుని వచ్చాయి. పర్లమ్మ చేతికి ఆ పుస్తకం ఇవ్వడం దొంగ చేతికి తాళాలివ్వడమేనన్నాయి. పిల్లల పేర్లు కూడా చెప్పాయి."

"మీరేమన్నారు?"

"ఇచ్చేశానన్నాను. వాటి పేర్లు నాకు ఒకటి రెండు గుర్తున్నాయి, కావాలంటే చెబుతాను."

వద్దంది పర్లమ్మ. వచ్చిన దండు అంతా ఎలా వచ్చిందో అలాగే వెనక్కి వెళ్లింది. దారిలో వీర్రాజు, "వానపాములకీ మనకీ పోలికేంటి, నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది," అని సర్దిచెప్పబోయాడు. పర్లమ్మ వినలేదు. పోతయ్య చెప్పింది న్యాయమో కాదో ఆమెకి అనవసరం. ఆ గూట్లో ఉన్నవి ఆమె పిల్లలు. ఆ గ్రంథాలయం గడప మళ్లీ తొక్కనని ఒట్టేసుకుంది.

ఆ రోజునుంచి ఆమెకి కంటిమీద కునుకు లేదు. ఆకు కదిలినా లేచి కూర్చునేది. నరహరి కాలవగట్టు మీద మొగలిపొదల్లో బోర్లా పడుకుని చదువుతున్నాడని కాకులు చెప్పాయి. ముందు పేజీలు ఆవలిస్తూ తిప్పాడట. నడుమ ఎక్కడో ఒకచోట ఆగాడట. అక్కడ మళ్లీ మళ్లీ చదివి, పుస్తకం మూసి, చాలాసేపు తనలో తను నవ్వుకున్నాడట.

"ఏ పేజీ దగ్గర?" అని అడిగింది పర్లమ్మ.

"మాకు చదువొస్తే నూనె కాగితాలెందుకు మోస్తాం," అన్నాయి కాకులు.

పున్నమి వచ్చింది, దాటింది. పుస్తకం రాలేదు. నరహరికి కావలసింది దొరికింది, పర్లమ్మ గూడు విడిచే అదను కోసం చూస్తున్నాడు, ఇక పుస్తకం తెచ్చి ఇవ్వాల్సిన అవసరమేంటి. పోతయ్య ఒకరోజు చూశాడు. ఆ మర్నాడు లేచి, ఒళ్లు విదుల్చుకుని, గట్టు వెంట మొగలిపొదల వైపు నడిచాడు. పోతయ్య నడవడమే ఒక వింత కాబట్టి సగం మకాం వెనకాల వెళ్లింది. పర్లమ్మ కూడా దూరంగా వెళ్లింది. పొదలోకి వెళ్లడం గ్రంథాలయం గడప తొక్కడం కిందకి రాదు కదా.

నరహరి బొరియకి ఒకటే దారి. పోతయ్య వెళ్లి దానికి అడ్డంగా పడుకున్నాడు. పడుకుని నెమరేయడం మొదలుపెట్టాడు.

కాసేపటికి లోపల్నుంచి గొంతు వినిపించింది. "ఎవరండీ అది, వెలుతురుకి అడ్డం?"

"గడువు దాటింది," అన్నాడు పోతయ్య.

"అయ్యో, చదవడం ఇంకా అవ్వలేదండీ."

"పర్లేదు, చదువుకోండి. నేనిక్కడే ఉంటాను."

ఎండ నడినెత్తికొచ్చింది. బాతులు కూర్చున్నాయి. గొర్రెలు మేస్తున్నాయి.

"పోతయ్య గారూ, దాహంగా ఉందండీ."

"వెళ్లి తాగి రండి."

"మీరు అడ్డంగా ఉన్నారండీ."

"ఉన్నాను."

ఇంకాసేపటికి పోతయ్య పొట్ట కిందనుంచి పుస్తకం కొంచెం కొంచెంగా బయటికి వచ్చింది. దాని వెనక నరహరి ముక్కు వచ్చింది. "ఇదిగోండి. తీసుకుని దయచేయండి."

"అప్పజెప్పాలి కదా."

"దాంట్లో చెప్పడానికేముందండీ. గోడలూ తలుపులూనూ."

"అవే చెప్పండి," అన్నాడు పోతయ్య.

ఆ సాయంత్రం గ్రంథాలయం వరండా నిండిపోయింది. నక్క కోళ్లగూటి గురించి చెబుతుందంటే ఎవరు మాత్రం మానుకుంటారు. పర్లమ్మ ఒట్టు సంగతి ఒట్టుదే గానీ, తన గూటి సంగతి తన శత్రువు నోట ఎలా ఉంటుందో వినకుండా ఉండలేకపోయింది. పిల్లల్ని దగ్గరగా పెట్టుకుని చివర్న, ముసలి కుక్క పక్కన కూర్చుంది. కుక్క కాస్త జరిగి చోటిచ్చింది.

నరహరి మెట్టు మీద నిలబడి గొంతు సవరించుకున్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆయనకి అది ముందే తెలుసు కాబట్టి ఏ కంగారూ పడలేదు. నిజం చెప్పుకోవాలంటే చాలా బాగా చెప్పాడు. గోడలకి మట్టిలో వరిగడ్డి ఎంత కలపాలో చెప్పాడు. తూర్పుముఖంగా తలుపు ఎందుకుండాలో చెప్పాడు. తాటాకు కప్పు ఎన్ని వరసలైతే వాన దిగదో, కోడి ఎక్కి కూర్చునే దండెం ఎంత ఎత్తులో కడితే కాళ్లు నొప్పి పుట్టవో, గాలి ఏ కంతలోంచి వచ్చి ఏ కంతలోంచి పోవాలో చెప్పాడు. పేలు పడితే ఏ ఆకు పొగ వేయాలో ఆకు పేరుతో సహా చెప్పాడు. ఒక్క అబద్ధం ఆడలేదు. వీర్రాజు అయితే మధ్యమధ్య రెక్కలు కొట్టి, "శెభాష్, శెభాష్" అన్నాడు. ఈ పెద్దమనిషిని మనం తప్పుగా అనుకున్నామేమోనని ఒక బాతు ఇంకో బాతుతో అంది.

పర్లమ్మ ఒక్కో మాటా వింటోంది. తల్లి వినే తీరు వేరు. పిల్లలకి ఎక్కడ ముప్పుందో అని వింటోంది కాబట్టి, ఆయన మాటల వెంటే మనసులో గూడంతా తిరుగుతోంది. గోడ అన్నప్పుడు గోడ దగ్గరికి వెళ్లింది. కప్పు అన్నప్పుడు పైకి చూసింది. తలుపు, గడియ, దండెం, కంత. ఇక అంతేనని నరహరి తల వంచి నమస్కారం పెట్టాడు. అందరూ మెచ్చుకుంటున్నారు. పర్లమ్మ మాత్రం తన మనసులోని గూట్లో నిలబడి, ఇంకా ఏదో మిగిలిందే అనుకుంది. కాలితో అలవాటుగా నేల గీరింది. అప్పుడామెకి తెలిసింది.

కోడి పుట్టేది నేల మీద. తినేది నేల మీద. పొద్దస్తమానం గీరేది నేలని. కోడి గురించి అంత లావు పుస్తకం రాసినవాళ్లు నేల ఊసెత్తకుండా ఎలా ఉంటారు. పేల సంగతి కూడా మర్చిపోని మనిషి నేల సంగతి ఎందుకు మర్చిపోయాడు. ఆమె గూట్లో నేల ఉత్త మట్టి.

అయినా ఆ సంగతి పైకి తేలనివ్వలేదు. లేచి వెళ్లి, "చాలా చక్కగా చెప్పావయ్యా, మా గూడు నాకే కొత్తగా కనబడింది," అంది.

నరహరి పొంగిపోయాడు. "ఇదేముందమ్మా. మీ తల్లులందరూ వినాల్సిన పుస్తకం ఇంకోటుంది, పిల్లల పెంపకం గురించి. అది రేపు పొద్దున్న బుచ్చెమ్మగారి చేత చదివించుకోండి. కాస్త పొడుగే, మధ్యాహ్నం దాకా పడుతుంది. పిల్లల్ని మాత్రం తీసుకురాకండి. అల్లరి చేస్తే చదువు సాగదు. గూట్లో పెట్టి గడియ వేసుకుని రండి."

"నిజమే నిజమే, క్రమశిక్షణ ఉండాలి," అన్నాడు వీర్రాజు.

"అలాగే," అంది పర్లమ్మ.

నరహరి గట్టు దిగి కనుమరుగయ్యేదాకా ఆగి, ఆమె బుచ్చెమ్మ దగ్గరికి వెళ్లింది. "అమ్మా, ఆ పుస్తకంలో నేల గురించి ఎక్కడైనా ఉందేమో చూడు," అంది.

బుచ్చెమ్మ చిక్కం సర్దుకుని పేజీలు తిప్పింది. గోడలూ కప్పూ తలుపులూ దాటాక, వీర్రాజు లేచి వెళ్లిన చోటికి కాస్త అవతల, ఆగింది.

"గోడ ఎంత మందంగా ఉన్నప్పటికీ, నేల మట్టిదైనచో గూడు లేనట్లే," అని చదివింది. "మట్టిగోడల పునాది జానెడు లోతుకి మించదు కాబట్టి నక్క, పందికొక్కు మొదలగునవి వెనకవైపునుంచి సులువుగా తవ్వి లోపలికి వచ్చును. నేల మీద రాతి పలకలు పరవవలెను. పలకలు దొరకనిచోట తాటిమట్టలు, కరుకు పైకి వచ్చునట్లు, గోడ వెంబడి వరసగా పాతి మట్టి కప్పవలెను."

తాటిమట్ట అంచు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లు ఒకసారి చెయ్యి పెట్టి లాక్కుంటే తెలుస్తుంది. రంపానికి అది అక్క.

వీర్రాజు వింటున్నాడు. తురాయి కాస్త వాలింది. "ఇదంతా అప్పుడే చదివి ఉంటే..." అన్నాడు.

"చదివాను," అంది బుచ్చెమ్మ. "నువ్వు లేవు."

పర్లమ్మ పోతయ్య వైపు తిరిగింది. ఆయన ఎప్పట్లాగే పడుకుని ఉన్నాడు. "మిమ్మల్ని ఈ పదిహేను రోజులూ రోజూ తిట్టుకున్నాను," అంది.

"వినబడింది."

"మీకు భయం వేయలేదా? నా పిల్లలకేమైనా అయ్యుంటే?"

పోతయ్య నెమరు ఆపాడు. ఆయన నెమరు ఆపడం అక్కడెవరూ అంతకుముందు చూడలేదు. "వేసింది. ఇచ్చిన రోజునుంచీ నాకు మేత సయించలేదు. కానీ ఇవాళ నక్కకి వద్దంటే, రేపు వానపాముల మాట విని నీకూ వద్దనాలి. ఎల్లుండి ఇంకెవరి మాటో విని ఇంకెవరికో వద్దనాలి. ఆఖరికి నేనూ బీరువాలూ మిగులుతాం. నాకు చదువు రాదమ్మా."

పర్లమ్మ మనసులో లెక్క వేసుకుంది. వద్దని ఉంటే నరహరి ఆ పేజీ చదివేవాడు కాదు. కానీ తనూ ఆ పేజీ వినేది కాదు. గూటి నేల ఉత్త మట్టిగానే ఉండేది, ఏదో ఒకరోజు ఏ పందికొక్కో వచ్చి తవ్వేది. అంతా కలిపి ఆమెకి కోపమూ కృతజ్ఞతా ఒకేసారి వచ్చాయి. పద మావా పని చాలా ఉంది అని వీర్రాజుని పిలిచింది.

చీకటి పడేలోగా పని జరిగింది. బాతులు తోటలోంచి తాటిమట్టలు ఈడ్చుకొచ్చాయి. పర్లమ్మా మిగతా పెట్టలూ గోడ వెంబడి నేల గీరాయి. కోళ్లు పట్టుదలగా గీరితే గునపం ఎందుకూ పనికిరాదు. కరుకులు పైకి పెట్టి, మట్టి కప్పి, పైన ఊక జల్లారు. వీర్రాజు ఈసారి ఎవరికీ ఏమీ చెప్పలేదు. మట్టలు మోశాడు.

మర్నాడు పొద్దున్న తల్లులందరూ గ్రంథాలయానికి వచ్చారు. పర్లమ్మ గూటికి గడియ వేసి వచ్చింది, పిల్లల్ని మాత్రం వెంట తెచ్చింది. గట్టు మీంచి వస్తే కనబడతాయని చేల నడుమనుంచి తిప్పి తెచ్చి, పోతయ్య వీపు మీదికి ఎక్కించింది. ఆయన అభ్యంతరం చెప్పలేదు. చెవి ఒకటి అటూ ఇటూ ఊపి ఈగల్ని తోలాడు, పిల్లలు దాన్ని ఆట అనుకున్నాయి. బుచ్చెమ్మ పిల్లల పెంపకం పుస్తకం తెరిచి, ముందుమాటతో సహా చదవడం మొదలుపెట్టింది.

రెండో అధ్యాయం నడుస్తుండగా మకాం వైపునుంచి ఒక అరుపు వినిపించింది. పొడుగ్గా మొదలై, మధ్యలో తెగి, మళ్లీ మొదలైంది. ఒక కాలు వదిలించుకోబోయి రెండో కాలూ పెట్టినవాడి అరుపు. బుచ్చెమ్మ చదవడం ఆపి తలెత్తింది.

"చదవండి," అన్నాడు పోతయ్య.

చదివింది. ఎవరు తీసిన గోతిలో వారే పడతారని మన పెద్దలన్నారు. నరహరి అంత దాకా వెళ్లలేదు. గోతిలో చేతులు పెట్టాడంతే.

మూడో అధ్యాయం ముగుస్తుండగా ఆయనే స్వయంగా గట్టు మీద కనిపించాడు. ముందరి రెండు కాళ్లూ నెత్తురోడుతున్నాయి. పాదాలకి ఎర్రమట్టీ, ఊకా అంటుకుని ఉన్నాయి. చుట్టుపక్కల వైద్యం తెలిసిన చోటు ఇంకొకటి లేదు మరి, ఎక్కడికి పోతాడు. మెట్టు దగ్గర ఆగి, ఆ స్థితిలో కూడా కాళ్లు తుడుచుకోబోయి, గోనెపట్టా తగిలి మూలిగాడు.

"పశువైద్యం పుస్తకం కావాలండీ," అన్నాడు. "ముల్లు గుచ్చుకుంది."

"ఎక్కడ?" అడిగింది పర్లమ్మ.

"గట్టు మీద."

"గట్టు మీద ఊక ఉండదే."

నరహరి పాదాల వంక చూసుకున్నాడు. తర్వాత పోతయ్య వీపు మీద వరసగా కూర్చుని తనని చూస్తున్న పిల్లల వంక చూశాడు. ఆయన ముఖంలో వినయం మెల్లమెల్లగా దిగిపోయింది. ఇంత కాలంలో అసలు ముఖం బయటపడడం అదే మొదలు, అది చాలా అలిసిపోయి ఉంది.

"నేను ఆ ముక్క చెప్పలేదే," అన్నాడు. "ఒక్క మాట జారలేదు. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో చూసుకుని వచ్చాను. ఎవరు చెప్పారు మీకు?"

"నువ్వే," అంది పర్లమ్మ. "గోడ చెప్పావు, కప్పు చెప్పావు, తలుపు చెప్పావు, పేలు చెప్పావు. అన్నీ చెప్పి ఒక్కటి దాచావు. నువ్వంత బాగా దాచకపోతే నాకెలా తెలిసేది నాయనా."

ముసలి కుక్క కాస్త జరిగి మెట్టు పక్కన చోటిచ్చింది. నరహరి వచ్చి కూలబడ్డాడు. నియమం నియమమే, మెట్టెక్కాక ఎవరూ ఎవర్నీ తినకూడదు. తినే స్థితిలో ఆయన లేడు, తరిమే పని ఎవరూ పెట్టుకోలేదు.

పోతయ్య పిల్లలు జారిపోకుండా జాగ్రత్తగా లేచి, బీరువాలోంచి పశువైద్యం పుస్తకం తీసుకొచ్చాడు. నరహరి పుస్తకం పట్టుకునేలా లేడు కాబట్టి బుచ్చెమ్మ ముందు పెట్టాడు. ఆవిడ పిల్లల పెంపకం పక్కన పెట్టి, కాలి పుళ్ల దగ్గర తీసింది.

"అన్నీ చదువమ్మా," అంది పర్లమ్మ. "పాపం, ఏదీ వదిలేయకు."

"గాయమును ముందు ఉప్పునీటితో కడగవలెను," అని చదివింది బుచ్చెమ్మ. బాతులు ఉప్పు తేవడానికి హుషారుగా లేచాయి. "తర్వాత వేపాకు, పసుపు నూరి దట్టముగా పట్టించవలెను. గుడ్డతో కట్టు కట్టవలెను. పుండు పూర్తిగా మానువరకు కాళ్లు మట్టిలో పెట్టరాదు. నేల తవ్వరాదు."

పర్లమ్మ పిల్లల్ని ఇంకాస్త దగ్గరికి పిలిచింది.

"ఆ ఆఖరి ముక్క ఇంకోసారి చదువమ్మా," అంది.

నీతి: పదిమంది కూర్చుని వినే చోట చెప్పింది సగం పాఠమే, దాచింది మిగతా సగం.